కంటికి ఆనని మబ్బుల కోసం మూడు ఊళ్లు

పాప నిద్రపోయింది. గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. పగలంతా తాగిన ఎండను ఇల్లు ఇప్పుడు మెల్లగా కక్కుతోంది. నేను లేచి, పాప మెడ కింద చెమట తుడిచి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, మళ్లీ వచ్చి రాయడానికి కూర్చుంటున్నాను. పోయిన ఎండాకాలం ఇలాగే రాత్రి కూడా చల్లబడని రోజుల్లో దానికి జ్వరం వచ్చి, కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసి, "గది చల్లగా ఉంచమ్మా" అంది. గది చల్లగా ఉండాలంటే బయట చల్లబడాలి కదా అని ఆవిడను అడగలేకపోయాను.

నేను హనుమకొండలో ఒక చిన్న పరిశోధన బృందంలో పని చేస్తాను. ఉపగ్రహాలు తీసే బొమ్మల్లో మబ్బులను గుర్తుపట్టడం మా పని. వాన మబ్బులను కాదు, అవి ఎవరికైనా కనిపిస్తాయి. విమానాలు తిరిగేంత ఎత్తులో, ఒక్కోసారి ఇంకా పైన, మంచు పలుకులతో పల్చగా పరుచుకునే మబ్బులు ఉంటాయి. కింద నిలబడి చూస్తే ఆకాశం నీలంగానే ఉంటుంది, కాస్త వెలిసిన నీలం, అంతే. ఉపగ్రహానికీ అవి సరిగ్గా ఆనవు. కానీ అవి ఎండను లోపలికి రానిస్తాయి, నేల మీది నుంచి తిరిగి పైకి పోవలసిన వేడిని మాత్రం పట్టి ఉంచుతాయి. భూమి ఎంత వేడెక్కబోతోందో లెక్క కట్టేవాళ్లకు ఇవి ఎక్కడ ఎన్ని ఉన్నాయో తేలక పెద్ద చిక్కు.

కొన్ని ఉపగ్రహాలు ఒక రకం కాంతిలో చూస్తాయి. మన కంటికి కనపడని ఆ కాంతిని కింది గాలిలోని తేమ మింగేస్తుంది. అందుకని నేల కనిపించదు, తేమకు పైన తేలే మబ్బు ఒక్కటే మెరుస్తుంది. ఎంత మెరిస్తే మబ్బు అనాలి, ఎంత తక్కువైతే వట్టి ఆకాశం అనాలి? ఆ గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి నేల మీద మూడు కెమెరాలు పెట్టాం. బచ్చన్నపేటలో ఒకటి, కొత్తగూడలో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి. డాబా మీద, బోర్లించిన గాజు గిన్నె లాంటి మూత కింద కూర్చొని, ఆకాశం మొత్తాన్ని ఒక్క బొమ్మలో తీస్తాయవి. ఊళ్లలో సిగ్నల్ అంతంత మాత్రం కాబట్టి మాకు కుదించిన చిన్న బొమ్మలే వచ్చేవి. అసలు బొమ్మలు కెమెరాలోని కార్డులోనే ఉండిపోయేవి.

ముఖ్యంగా కొత్తగూడ కెమెరాను పట్టుకొని మేం ఆ గీత గీశాం. దాని మీద పటం తయారైంది. పోయిన ఏడాది నుంచి ఈ జిల్లాల మీద పల్చటి మబ్బులు బాగా పెరిగాయని ఆ పటం చెప్పింది. రాత్రులు ఎందుకు చల్లబడటం లేదో నాకు కారణం దొరికినట్టయింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పైన ఆ మబ్బు పరుచుకున్న సాయంత్రం, "ఈ రాత్రి చల్లబడదు, పసిపిల్లలను, ముసలివాళ్లను చూసుకోండి" అని ముందే చెప్పవచ్చు. మా పటం నిజమని రూఢి అయితే ఈ ఎండాకాలం నుంచే ఊళ్లకు ఆ కబురు పంపుతామని దవాఖానల వాళ్లు ఒప్పుకున్నారు. రూఢి చేయడానికి ఎవరో ఒకరు వెళ్లి కెమెరాలను కళ్లారా చూసి కార్డులు తేవాలి. నేను వెళ్తానన్నాను. ఫిట్స్ వచ్చినప్పటి నుంచి పాపను ఎవరి దగ్గరా వదలలేను, దాన్నీ చంకన వేసుకొని బయలుదేరాను.

జనగామ

బస్టాండులో బచ్చన్నపేట బస్సు వచ్చేసరికే నిండిపోయింది. ఆడవాళ్లకు టికెట్ లేని రోజులు కదా, సగం బస్సు ఆడవాళ్లమే. ఒక అవ్వ తన బుట్టను కాళ్ల కిందికి తోసుకొని, పాపను అడగకుండానే ఒళ్లోకి లాక్కుంది. హనుమకొండలో బస్సు ఎక్కితే పక్కవాళ్లు పిల్లను చూసి నవ్వుతారు, తాకరు. ఇక్కడ ఎవరి ఒళ్లో ఖాళీ ఉంటే పిల్ల వాళ్లది.

"గీ ఎండల పోరిని ఏడికి తోల్కపోతున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

"బచ్చన్నపేటకు అవ్వా. ఆడ మా కెమెరా ఉంది. మొగులును ఫొటోలు తీస్తది."

"మొగులు యాడున్నది తీయనీకె?" అని అవ్వ మబ్బు కోసం కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. "ఫొటోలు తీసేది కాదు, మొగులును గుంజుకొచ్చేది ఉంటె పెట్టుండ్రి. మా పత్తికి పుణ్యముంటది."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అవ్వ మాత్రం నవ్వకుండా పాప మెడ చుట్టూ ఉన్న చెమట కాయలను వేళ్లతో తడిమి, "రాత్రి నిద్రవోతలేదు గదా గిది?" అంది. నా నవ్వు ఆగిపోయింది.

బచ్చన్నపేట

కెమెరా ఉన్నది సత్తిరెడ్డి అనే రైతు ఇంటి మీద. అరవై దాటిన మనిషి, ఊళ్లో అందరూ బాపు అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆ కెమెరా ఒక పక్కకు ఒరిగిందని మాకు ముందే తెలుసు. కుదించిన బొమ్మల్లో కొన్ని నెలలుగా సగం ఆకాశం, సగం ఏదో గోడ వచ్చేవి. గాలికి వంగిందేమో అనుకున్నాం.

డాబా ఎక్కి చూస్తే గాలి పని కాదు. కెమెరా స్టాండు కింద ఒక పక్క రెండు ఇటుకలు పేర్చి, తీగతో బిగించి, దాన్ని ఇంటి వెనక బావి వైపు వంచి పెట్టారు.

"బాపూ, ఇది ఎవరు వంచిన్రు?"

"నేనే ఒంచిన." ఆయన మొహంలో దాపరికమేమీ లేదు. "రెండుసార్లు బాయికాడ మోటరు వైరు కోసుకపోయిండ్రమ్మా. ఆకాశంల ఏమున్నది, ఎత్తుకపోనీకె? కెమెరా ఊకెనే మీదికి సూస్తంటే నాకు పాణం ఒప్పలే."

"దొంగ దొరికిండా మరి?"

"దొంగ దొరకలే. మా అల్లుడు దొరికిండు, గోడ దునికి కల్లుకు పోతుంటే."

కింద నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "గా ముచ్చట ఊరంత చెప్పినవ్, ఇగ హనుమకొండల గూడ చెప్పు!"

ఆ నెలల లెక్క ఎలాగూ పక్కన పెట్టిందే. ఇటుకలు తీసి కెమెరాను నిటారుగా నిలబెట్టాను. బాపు ఇటుకల వైపు కొంచెం దిగులుగా చూశాడు. మళ్లీ వంచుతాడని నాకు తెలుసు.

భోజనానికి జొన్న రొట్టె, పచ్చి పులుసు, తర్వాత గ్లాసెడు సల్ల, అంటే మజ్జిగ. మా ఇంట్లో సల్ల అంటే భోజనం చివర చారెడు. ఇక్కడ ఎండాకాలం అన్నం తక్కువ, సల్ల ఎక్కువ. బాపు భార్య పాపకు చెంచాతో సల్ల పట్టిస్తూ రాత్రుల సంగతి ఎత్తింది. ముందటి రోజుల్లో తెల్లవారుజామున దుప్పటి కప్పుకునేవాళ్లట, ఇప్పుడు తెల్లారేదాకా చాప తడిపి పడుకుంటున్నారట.

నేను ఉత్సాహంగా చెప్పాను. "పైన పల్చగ ఒక మొగులు పరుచుకుంటది అవ్వా. మనకు కనపడదు. నేల మీద వేడి పైకి పోకుండ దుప్పటి కప్పినట్టు పట్టి పెడ్తది."

"మరి గా దుప్పటి ఎప్పుడు గుంజుతరు?"

"గుంజలేం. ఏ రాత్రి కప్పుతదో సాయంత్రమే చెప్పగలం."

ఆమె చెంచా పక్కన పెట్టింది. "గదన్న చెప్పు బిడ్డా. మా కోడలు నీళ్లు పోసుకున్నది. ఎండలల్లనే నెలలు నిండుతయ్. ముందుగాల ఎరుకైతె పట్నంల మా అన్న ఇంటికి తోలిస్త, ఆడ కూలర్ ఉన్నది."

చెప్తానన్నాను. ఆమె నా ఫోను నంబరు తీసుకుంది.

మానుకోట

మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్లు మానుకోట అంటారు. మర్నాడు రైలు దిగి స్టేషన్ బయటికి వచ్చేసరికి గాలిలోనే మిరప ఘాటు. మార్కెట్ వైపు బస్తాల మీద బస్తాలు పోతున్నాయి, ఆటోల మీద, ట్రాలీల మీద. ఊరంతా ఒకే ఊపున తుమ్ముతోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు.

కొత్తగూడ బస్సు ఎప్పుడో తెలియక, నీడలో ఉన్న ఒక మిర్చి బస్తా మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. అదే చేత్తో పాప కంట్లో నలుసు తీశాను. పాప ఒక్క అరుపు అరిచి, ఊపిరి బిగబట్టి, వెనక్కు విరుచుకుపోయింది. మళ్లీ ఫిట్స్ అనుకున్నాను. దాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలని డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది, కానీ చేతులు రాలేదు.

చాయ్ బండి అతను పరుగెత్తుకొచ్చాడు. "ఏం గాలే అక్కా, కారం తాకింది, అంతే. ఇటియ్యి." గిన్నెలో చల్లటి పాలు పోసి, గుడ్డ ముంచి, కళ్లు తుడిచాడు. పాప ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. "మానుకోటల పుట్టిన పోరలకు గిదే మొదటి టీకా" అన్నాడు. పాలకు డబ్బులు ఇవ్వబోతే, "చాయ్ తాగు, చాయ్‌కి ఇయ్యి" అన్నాడు. పది రూపాయల చాయ్. సగం చీర మీదే పోసుకున్నాను.

కొత్తగూడ

కొత్తగూడ దారి అడవిలోంచి. మోదుగులు పూత రాలి మోడులయ్యాయి. అక్కడక్కడ పోడు చేలు, కాల్చిన మొదళ్లు నల్లగా నిలబడి ఉన్నాయి. ఒక మలుపులో బస్సు ఆగితే ఒకామె ఆకు దొన్నెలో తునికి పండ్లు అమ్మింది, దొన్నె ఇరవై. పాప ఆ తీపికి ఆ రోజు మొదటిసారి నవ్వింది. తునికాకు కట్టలు ఇళ్ల ముందు వరుసగా ఆరుతున్నాయి. ఏ ఇంటి మీద చూసినా ముళ్ల కంప. కోతుల కోసం. పెంకుల మీద, డాబాల మీద, టీవీ డిష్‌ల మీద కూడా కంప కట్టారు.

కెమెరా రజియా అక్క ఇంటి మీద ఉంది. ఆమె, ఆమె భర్త ఊళ్లో బట్టలు కుట్టే దుకాణం నడుపుతారు. మా కెమెరాల్లో ఒక్కనాడూ ఆగనిది, ఒక్కనాడూ వంగనిది ఇదే. మా ఆఫీసులో ఆమె పేరు గౌరవంగా పలుకుతారు.

గుమ్మంలోనే పాపను అందుకుంది. "క్యా గుడియా, ఎండల వచ్చినవా? మీ అమ్మకు అకల్ లేదా?" మా ఇళ్లలో అతిథికి మంచినీళ్లిచ్చి, కుశలం అడిగి, తర్వాత అన్నం మాట ఎత్తుతారు. ఆమె నాతో ఒక్క మాట మాట్లాడకముందే పాపకు కిచిడీ మెత్తగా పిసికి సగం గిన్నె తినిపించేసింది. పాప కడుపు తడిమి చూసి, అప్పుడు నాతో, "చెయ్యి కడుక్కో చెల్లె" అంది. బగారా అన్నం, దాల్చా. అంత ఆకలి వేస్తోందని తినేదాకా నాకు తెలియలేదు.

తిన్నాక డాబా ఎక్కాం. కెమెరా మీద తెల్లటి టోపీ ఉంది.

పల్చటి మల్లుబట్టతో కుట్టిన టోపీ. గాజు మూతకు సరిగ్గా సరిపోయేలా గుండ్రంగా కత్తిరించి, అంచుకు ఎలాస్టిక్ వేసి, చుట్టూ చిన్న కుచ్చు కూడా పెట్టింది. ఎంత నాణ్యమైన కుట్టో! ఒక్క దారం బయటికి లేదు. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను.

"అక్కా, ఇది ఎప్పటి నుంచి ఉంది?"

"పోయిన రంజాన్ అయినంక కుట్టిన. బందర్‌ల పరేషాన్ చెల్లె. ఒక కోతైతే గీ గాజు బుర్రను పిల్ల తలకాయ అనుకున్నదో ఏమో, ముందల కూసొని పొద్దంత పేండ్లు సూసింది." పేలు తీస్తున్నట్టు వేళ్లు ఆడించి చూపించి తనే నవ్వి, మళ్లీ గంభీరంగా, "మీ సార్లు పెట్టిపోయినప్పుడు ఒకటే మాట చెప్పిండ్రు, కోతుల నుంచి, దుమ్ము నుంచి జర కాపాడుండ్రి అని. గందుకె" అంది.

"ఎప్పుడూ తీయలేదా?"

"జుమ్మా రోజు తీస్త. ఉతికి ఆరేస్త. ఎండకు జల్ది ఆర్తది, మళ్ల తొడుగుత."

పోయిన రంజాన్ తర్వాత. సరిగ్గా ఆ నెల నుంచే మా లెక్కలో పల్చటి మబ్బులు పెరిగాయి. వారానికి ఒకసారి, మధ్యాహ్నం పూట, కాసేపు ఆకాశం తెరిపినిచ్చేది. అది ఎందుకో తెలియక మేం తలలు పట్టుకున్నాం. ఫ్యాక్టరీల పొగ అనీ, పైగాలులనీ మా బృందాన్ని నడిపే సారు రెండు పేజీల వివరణ కూడా రాశారు.

నా మొహం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. "కైకు, బొమ్మలు మంచిగ వస్తలేవా? నేను సూసే కుట్టిన గద. నఖాబ్ ఏస్కొని నేను మానుకోట బజార్ మొత్తం తిరిగొస్త. నాకు దునియా కనవడ్తలేదా? గింత పల్చటి బట్టల నుంచి దానికి సూరీడు కనవడడా?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. సూర్యుడు కనిపిస్తాడు. మబ్బులూ కనిపిస్తాయి, పిట్టలూ కనిపిస్తాయి. కానీ మేం వెతికేది సూర్యుడిని కాదు, సూర్యుడి చుట్టూ నీలం ఎంత వెలిసిందన్నది. ఆ వెలిసిన తెలుపు అంతా ఈ బట్టది. కుదించిన బొమ్మల్లో అది అచ్చం పల్చటి మబ్బులా ఉండింది. ఈ బట్టతో సరిపోయేదాకా మేం ఉపగ్రహం గీతను జరుపుతూ పోయాం. సరిపోయిందని సంతోషపడ్డాం.

"మంచిగనే వచ్చినయ్ అక్కా" అన్నాను. కాపాడమన్నారు, కాపాడింది. కప్పకూడదని ఎవరూ చెప్పలేదు.

కార్డు తీసుకొని, టోపీ ఊడదీసి ఆమె చేతికిచ్చి, కొన్నాళ్లు దీన్ని వేయొద్దని చెప్పాను. ఆమె దాన్ని నాలుగు మడతలు వేసి నడుముకు దోపుకుంది. "నేనేమన్న గల్తీ చేసిన్నా చెల్లె?" అని మెట్ల మీద ఒకసారి, బస్సు దగ్గర ఒకసారి అడిగింది. లేదన్నాను, రెండుసార్లూ. ఆమె నమ్మలేదు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఆమె మా బస్సును కాదు, తన డాబా వైపు చూస్తోంది.

నర్సంపేట బస్టాండు

బస్సు మారడానికి దిగి సారుకు ఫోను చేశాను. బట్ట సంగతి అంతా చెప్పాను.

"తీసుకొచ్చే కార్డులో వేరే ఏమైనా దొరుకుతుందా?" అని అడిగారు.

"పోయిన రంజాన్ తర్వాత అంతా బట్టే ఉంటుంది సార్, శుక్రవారం కాసేపు తప్ప."

"భూపాలపల్లి మిగిలింది కదా" అన్నారు. భూపాలపల్లి కెమెరా బొమ్మలు ఎప్పుడూ మసకగానే వచ్చేవి. గనుల ఊరు, బొగ్గు దుమ్ము పడుతోందనుకొని, మొన్నటి చలికాలంలో దాన్ని ఆపేయించారు. "అసలు బొమ్మలు ఎలా ఉన్నాయో మనం చూడనే లేదు. అవే నెలల్లో అక్కడా పల్చటి మబ్బు ఉందనుకో, బట్ట ఉన్నా లేకున్నా మన పటం నిలుస్తుంది. చూసి చెప్పు."

ఆ ఒక్క మాట పట్టుకొని బస్సెక్కాను. దారి పొడుగునా, ఉండాలి, ఉండాలి అనుకుంటూనే ఉన్నాను. ఏం కోరుకుంటున్నానో అర్థమయ్యాక నాకే భయమేసింది. రాత్రులను వేడెక్కించే మబ్బు ఉండాలని కోరుకుంటున్నాను, ఒళ్లో పిల్లను పెట్టుకొని.

భూపాలపల్లి

బస్సు దిగేసరికి నాలుక మీద కూడా బొగ్గు రుచి ఉన్నట్టనిపించింది. టిప్పర్లు పోయే దారి మీద ట్యాంకరు నీళ్లు చల్లుతూ పోతోంది. చల్లిన నీళ్లు వెనక్కి తిరిగి చూసేలోపు ఆరిపోతున్నాయి. చెట్ల ఆకుల మీద బూడిదరంగు. బట్టలు బయట ఆరేయకూడదని ఇక్కడి ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఇళ్లలోనే తాళ్లు కట్టుకుంటారు.

కెమెరా ఉన్న రాజవ్వ ఇల్లు గని కార్మికుల ఇళ్ల మధ్య. కొడుకు ఓపెన్ కాస్టు గనిలో పని చేస్తాడు, డ్యూటీకి పోయాడు. ఇంట్లో అవ్వ ఒక్కతే. పోయిన ఎండాకాలం వడదెబ్బ తగిలి దవాఖానలో పడిందట, అప్పటి నుంచి మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది.

"మీ కెమెరా బంజేయమన్నరు, చేసిన" అంది. "గానీ పారెయ్యలే. సంచి గప్పి పెట్టిన. మీదికి పోయి సూస్కో."

కార్డు తీసి, ఆమె ముందుగదిలో నేల మీద కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచాను. పాప అవ్వ కాలి కడియంతో ఆడుతోంది. అవ్వ అంబలి గిన్నె నా పక్కన పెట్టింది, ఉల్లిగడ్డ ముక్కతో. నేను పోయిన రంజాన్ తర్వాతి నెలల బొమ్మలు తెరిచాను.

అసలు బొమ్మలు పెద్దవి. గాజు మీద పడిన దుమ్ము చుక్కలు చుక్కలుగా విడిగా కనిపిస్తోంది, నల్లగా, ఇసుక రేణువుల్లా. కుదించినప్పుడు ఆ చుక్కలన్నీ కలిసి మసక అయ్యాయి, అంతే. చుక్కల వెనక ఆకాశం చిక్కటి నీలం. సూర్యుడి అంచు కత్తిరించినట్టు ఉంది. చుట్టూ తెలుపు లేదు. తర్వాతి రోజుది తెరిచాను. ఆ తర్వాతిది. వారాలు దాటించి తెరిచాను. ఎక్కడో ఒకచోట నిజంగానే పల్చటి మబ్బు వచ్చింది, ఎప్పటిలాగే వచ్చి ఎప్పటిలాగే పోయింది. పెరగలేదు. కొత్తగూడ మీద మబ్బు కమ్మిందని మేం రాసుకున్న రోజుల్లో ఇక్కడ ఆకాశం కడిగినట్టు ఉంది.

మూడింటిలో ఉన్నదున్నట్టు చూసిన కెమెరా ఇదొక్కటే. దీన్నే నోరు మూయించారు. చలికాలం నుంచి ఇందులోనూ ఏమీ లేదు.

సారుకు ఫోను చేశాను. ఆయన మంచి మనిషి, వాదించలేదు. "పటం వెనక్కు తీసుకుందాం. దవాఖానల వాళ్లకు నేనే చెప్తాను, ఈ ఏడాది కబుర్లు పంపలేమని." తర్వాత, "మళ్లీ మొదటి నుంచి పెట్టాలంటే ఎవరిస్తారో, ఇస్తారో లేదో" అన్నారు. నన్ను రేపటి నుంచి ఏం చేయమంటారో నేను అడగలేదు.

అంబలి తాగలేక గిన్నె పట్టుకొని కూర్చున్నాను. బచ్చన్నపేట అవ్వ నంబరు ఫోనులో ఉంది. కోడలును పట్నం ఎప్పుడు పంపాలో ఆమెకు ఏమని చెప్పాలి?

పొద్దు వాలుతుంటే రాజవ్వ బిందె ఎత్తుకుంది. ఈ ఊళ్లో సాయంత్రం కాగానే డాబాల మీద గోనె సంచులు పరిచి నీళ్లు పోస్తారు, అప్పుడు గానీ లోపల కూర్చోలేరు. చుట్టూ ఉన్న డాబాలన్నింటి మీద ఆడవాళ్లు అదే పని మీద ఉన్నారు. ఊపిరి అందని మనిషి మెట్లెక్కుతుంటే చూడలేక బిందె నేను తీసుకున్నాను. పాపను మీదికి తెచ్చి తడి గోనె మీద కూర్చోబెట్టాం. అది రెండు చేతులతో తపతప కొడుతూ కేరింతలు కొట్టింది. నీళ్లు పోసిన చోట సుయ్‌మని చప్పుడు వచ్చి, ఆవిరి మొహానికి కొట్టింది.

"నువ్వు మొగులు సదివినవట గద" అంది రాజవ్వ, పిట్టగోడకు ఆనుకొని. "మా కొడుకు చెప్పిండు. రాత్రులు ఎందుకిట్ల ఉడుకుతున్నయో గా కెమెరాల తెలుస్తదని."

"అట్లనే అనుకున్నం అవ్వా."

"తెలిసిందా మరి?"

తలెత్తి చూశాను. పడమర దిక్కున ఎరుపు, నడినెత్తిన నీలం. ఎక్కడా తెలుపు లేదు. మబ్బు లేకుండానే ఇంత వేడి.

"లేదు. మేం అనుకున్నది కాదు."

"మరి ఏంది?"

"నాకు తెల్వదవ్వా."

ఆమె నన్ను ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. బచ్చన్నపేట బస్సులో అయితే ఎవరైనా ఒక మాట అనేవాళ్లు, నాకూ బాగుండేది. ఆమె నా మొహంలోకి చూసి, పాప వైపు చూసి, "గంత సదువుకున్న నీకే తెల్వకపోతె ఎవలకెరుక బిడ్డా?" అంది. నిజంగానే అడిగింది, జవాబు కోసం ఆగింది.

మొదట పోసిన గోనె అప్పటికే ఆరిపోయింది. నేను ఖాళీ బిందె తీసుకొని కిందికి దిగాను.